అయిదో పద్యం

పూర్ణచంద్రుడా? ఏవండీ, ఏదీ, మళ్లీ అనండి. ఆ మనిషి పూర్ణచంద్రుడా?

వంటింట్లోంచి వింటూనే ఉన్నాను లెండి. పొద్దుట్నించీ ఆ వాలుకుర్చీలో పడుకుని, తొడ మీద తాళం వేసుకుంటూ కూనిరాగం తీస్తూనే ఉన్నారుగా. మొదటి పద్యంలో పూర్ణచంద్రుడు. రెండోదాంట్లో కల్పవృక్షం. మూడోదాంట్లో ఏమిటది... ఆఁ, దయలో సముద్రం! సముద్రమట! మనింట్లో కూర్చుని, మీ నోటితో మీరు, ఆ మాట ఎలా అనగలిగారండీ? దయకి పోల్చడానికి లోకంలో ఇంకేమీ మిగల్లేదా?

అలా చూడకండి. నేనేం అరవడం లేదు. మన పేట నుంచి వచ్చిన కోటయ్య తాత అరుగు మీద కూర్చున్నాడని నాకూ తెలుసు. వింటే విననివ్వండి. ఆయనకి తెలియని సంగతి నేనేం చెప్తున్నాను గనక?

రేపు సాయంత్రం ఆఫీసరు గారికి వీడ్కోలు సభ. ప్రమోషన్ మీద పెద్ద ఊరికి వెళ్లిపోతున్నారు. గోవర్ధనరావు గారంతటి ప్లీడరు గుమ్మంలోకి వచ్చి, "రాజారత్నం గారూ, మీ పంచరత్నాలు లేకపోతే సభకి నిండుతనం రాదండీ" అన్నారు. అంతే. మీ మొహం వెలిగిపోయింది. కాదనకండి, కాఫీ గ్లాసు పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. గులాబీ రంగు కాయితం మీద అచ్చు వేయించి అందరికీ పంచుతారట. దీపాలు పెట్టేవేళకి ప్రెస్సులో ఇచ్చెయ్యాలట.

బందరులో పెళ్లయితే మీ పద్యాలు. గృహప్రవేశమైతే మీ పద్యాలు. ఎవరైనా పోతే మీ పద్యాలు. ఎప్పుడన్నా వద్దన్నానా? మీ చదువు మీది, మీ ముచ్చట మీది. నేను అడిగేది ఒక్కటే. ఈయనకా?

ఏమన్నారు? లోపల నింద పెట్టారా? చంద్రుడికి మచ్చ ఉంటుంది కాబట్టి అది పొగడ్త కాదు, పొగుడుతున్నట్టు తిట్టడమా? వ్యాజస్తుతా? అబ్బో! ఆ మచ్చ ఆయనకి కనిపిస్తుందనే అనుకుంటున్నారా? దండ వేసుకుని, తల ఊపుతూ, ఆహా అంటాడు. మనం ఇంటికొచ్చి తలుపేసుకుని, తిట్టామోచ్ అని ఇద్దరమే నవ్వుకోవాలి. అంతేనా? అలాంటి తిట్టు నాకొద్దు.

మనవాళ్ల కోసమేనంటారు. తెలుసండీ. మెరక మీద ఇళ్ల స్థలాల కాయితం ఆయన బల్ల మీదే ఉంది. వెళ్లేలోపు సంతకం పడితే పడినట్టు. లేకపోతే కొత్తాయన రావాలి, ఆయన మళ్లీ మొదట్నించీ మొదలెట్టాలి. అన్నమ్మ ఎవరండీ? నా తోడబుట్టింది. గాలివానకి ఇల్లు కొట్టుకుపోతే, మళ్లీ అదే గుంటలో, అదే సముద్రపు కట్ట కింద తాటాకులు కప్పుకుని కూర్చుంది. ఎక్కడికి పోతుంది? మొన్న అక్కడే పురుడొచ్చింది. ఆడపిల్ల. నేను వెళ్లి చూసొచ్చాను కదా, కుక్కిమంచం కోళ్లు అప్పుడే తడి నేలలోకి దిగబడుతున్నాయి. దసరా దాటితే గాలివాన రోజులు. నాకు కంటిమీద కునుకు ఉందనుకుంటున్నారా మీరు?

అందుకేనండీ చెప్తున్నాను. మెరక కావాలి కాబట్టే చెప్తున్నాను. పద్యం వద్దు.

ఎందుకు వద్దా? మర్చిపోయారా? మర్చిపోతే వినండి, నేను చెప్తాను.

గాలివానకి ముందు ఆయన దివిసీమ క్యాంపుకి వచ్చాడు, మన కట్టకింది పేటకి కూడా వస్తాడని కబురొచ్చింది. కొబ్బరాకుల పందిరి వేశారు. గోవర్ధనరావు గారి బావమరిది ఇంట్లోంచి కుర్చీ తెచ్చి వేశారు. కోటయ్య తాత ఒక అర్జీ రాయించి, మడత పెట్టి తలపాగాలో దోపుకున్నాడు. ఏముంది అందులో? కట్ట బీటలిచ్చింది, మట్టి పోయించండి, అంతే. పేటంతా తాతమ్మ అని పిలిచే మీ అమ్మ చెప్పింది కూడా అదే. "ఒరే రత్నం, ఈ యేడు కట్ట తెగుద్దిరా. ఆ దొరకి చెప్పు." తాతమ్మ అలాగే మాట్లాడేది. ఏది చెప్పినా చీపురు తిరగేసి కొట్టినట్టు చెప్పేది.

మీరేమన్నారు? "అర్జీలు గంపలకొద్దీ వస్తాయమ్మా, బుట్టలో పడేస్తారు. ఆయన సాహిత్యప్రియుడు. పద్యంలో పెడితే ఆయన మనసులో ఉండిపోతుంది" అన్నారు. కోటయ్య తాత అర్జీ తలపాగాలోనే ఉండిపోయింది. మన పండితుడు చెప్పాడు కదా, నిజమేనని అందరూ నమ్మారు. నేనూ నమ్మాను లెండి.

స్వాగత పద్యాలు చదివారు. మీ గొంతు మీకు తెలియదు, అది ఎత్తుకుంటే రాళ్లు కూడా వింటాయి. కట్టని పట్టుకుని కన్నెపిల్ల నడుముతో పోల్చారు. ఉందా? లేదా? ఉందనుకుంటే కంటికి ఆనదు, లేదనుకుంటే మరి సముద్రుణ్ణి ఆపుతున్నది ఏది? అని సాగదీసి సాగదీసి సీసపద్యం. నాకు ఒళ్లు జలదరించింది. అయ్యో, ఎంత చక్కగా చెప్పారు, కట్ట అంత పలచబడిపోయిందని ఇంతకన్నా ఎవరు చెప్పగలరు అనుకున్నాను.

అప్పటికి ఆయన లేచి నిలబడి ఉన్నాడండీ! అది మీరు చూశారో లేదో. గుమాస్తా గొడుగు విప్పాడు. కట్ట మీదికి నడవడానికే లేచారు వాళ్లు. మీరు నడుము దగ్గరికొచ్చేసరికి ఆయన మళ్లీ కూర్చున్నాడు. "సందేహాలంకారం! ఆహా! ఏదీ, మళ్లీ చదవండి" అన్నాడు. మళ్లీ చదివారు. "మిషన్ వాళ్లలో కూడా ఇంత సరస్వతి ఉందన్నమాట" అన్నాడు. మీరు చేతులు జోడించారు. కొబ్బరినీళ్లు తాగాడు. ఉపమకీ రూపకానికీ తేడా ఏమిటో గుమాస్తాకి చెప్పమన్నాడు మిమ్మల్ని, మీరు చెప్పారు. ఎండ ముదిరింది. జీపెక్కి వెళ్లిపోయాడు.

కట్ట మీద ఆయన బూటు మోపలేదు. అడుగు దూరంలో కూర్చుని కట్ట గురించి పద్యం విన్నాడు, లేచి వెళ్లిపోయాడు.

చప్పట్లు మాత్రం, కట్టకింది పేట వాళ్లే అందరికన్నా గట్టిగా కొట్టారు. మన రత్నం దొరచేత ఆహా అనిపించాడు అని. తాతమ్మ ఒక్కతే, "ఇంతకీ మట్టి ఎప్పుడు పోస్తానన్నాడురా?" అని అడిగింది. మీరు నవ్వుతూ పద్యాల కాయితం మడత పెట్టుకున్నారు.

ఊఁ. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నేల చూడకండి. మిమ్మల్ని దెప్పిపొడవడానికి కాదు. మీ ఆకలి నాకు తెలియదా? చిన్నప్పుడు అలంకారశాస్త్రం చెప్పమని పోతే ఊళ్లో పంతులు గారు మిమ్మల్ని అరుగు కూడా ఎక్కనివ్వలేదు. కిటికీ కింద, గొడ్లకాడ నిలబడి నేర్చుకున్నారు. వానొస్తే తడుస్తూ నేర్చుకున్నారు. అంత చదువూ చదివి బందరు స్కూల్లో పండితుడిగా చేరితే, పక్క స్కూలు పంతుళ్లు మీ పద్యానికి యతి తప్పిందని లేని తప్పులు వెతికారు. అలాంటిచోట ఒక పెద్దాఫీసరు నలుగురిలో ఆహా అన్నాడంటే, ఆ మాట మీకెంత తీపో నాకు తెలుసండీ. నేను మీ పెళ్లాన్ని.

కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నాకెలా నేర్పారు? నేనేదో మిషన్ బోర్డింగులో ఎనిమిదో తరగతి దాకా వెలగబెట్టి వచ్చాను. "ప్రేమా, నీ పప్పుచారు కృష్ణలో కొత్తనీరులా ఉంది, ఇది ఉపమ" అన్నారు. "నీ పప్పుచారే కృష్ణ, ఇది రూపకం" అన్నారు. "వంటింట్లోకి కృష్ణమ్మ దారి తప్పి వచ్చింది కాబోలు, ఇది ఉత్ప్రేక్ష. ఈ గిన్నెడు చారులో బందరు ఓడలన్నీ తిరగొచ్చు, ఇది అతిశయోక్తి." నేను గరిటె పుచ్చుకుని వెంటపడ్డాను. ఎంత నవ్వుకున్నాం! అన్నమ్మ వచ్చినప్పుడల్లా బావగారూ, నా మీద ఒక అలంకారం చెప్పండి అని సతాయించేది. అప్పుడు ఇవన్నీ ఆటవస్తువుల్లా ఉండేవి మనకి.

సరే. ఆ నడుము పద్యం బందరంతా తిరిగింది. ఆదివారం సాహితీసభలో ఆయన అడిగి అడిగి చదివించుకున్నాడు. గుడివాడలో ఎవరో పెళ్లిలో కూడా చదివారని మీరే వచ్చి మురిసిపోతూ చెప్పారు. కట్ట సంగతి ఆయన్ని ఎవరైనా అడిగారా? ఎవరైనా? మీరు అడిగారా? "సమయం చూసి అంటాను" అన్నారు. సమయం చూస్తూనే ఉన్నారు. గాలివాన వచ్చేసింది.

తెగింది కట్ట. ఎక్కడ తెగుద్దని తాతమ్మ చెప్పిందో అక్కడే తెగింది.

చెప్పనివ్వండి. లేదు, ఈ పూట చెప్పనివ్వండి. మీరు చూడలేకపోయారు, మగాళ్లంతా మిమ్మల్ని దూరంగా పట్టుకుని కూర్చున్నారు. నీళ్లు తీశాక ఆవిడ తుమ్మచెట్ల మధ్య దొరికింది. ఇంటి కప్పుకి కట్టిన తాటినార తాడు చేతికి చుట్టుకుని ఉంది. వేళ్లు విడదీయడం ఎవరి వల్లా కాలేదు. తాడు కోసి తీసుకొచ్చారు. ఆ ముక్క చేతిలో ఉండగానే పెట్టెలో పెట్టాం. నీళ్లు పోసింది నేనే. చెవుల్లోంచి ఒండ్రు ఎంత తీసినా వస్తూనే ఉంది. కొంగుతో తీశాను, వేలితో తీశాను. పాస్టరు గారు తొందరపెడుతున్నారు, ఇంకా చాలామంది ఉన్నారమ్మా అని. సగం ఒండ్రుతోనే పంపించేశాను మీ అమ్మని.

మరి మీరేం రాశారు ఆవిడ మీద?

ఆ ఆఫీసరు పరామర్శకి మీ స్కూలుకొచ్చి మీ చెయ్యి పట్టుకుని, "ఇంత దుఃఖం ఊరికే పోకూడదు పండితుడు గారూ, దీన్ని పద్యాల్లో పెట్టండి" అన్నాడట. వచ్చి పెట్టేశారు మీరు. అమ్మ నవ్వు వెన్నెల. అమ్మ ఒడి పూలపాన్పు. తాతమ్మ ఒడి పూలపాన్పా అండీ? పీతలు ఏరి ఏరి ఆవిడ చీర ఎప్పుడూ పీతల కంపు కొట్టేది. నవ్వడం ఎక్కడ, ఎప్పుడూ తిట్లే కదా. నన్ను కూడా తిట్టేది, ఆ తిట్ల కోసమే ఇప్పుడు నాకు ఏడుపొస్తుంది. ఆ పద్యాలు సభలో చదివితే ఆయన జేబురుమాలు తీసి కళ్లు ఒత్తుకున్నాడట. గొంతులో కరుణరసం పొంగిందన్నాడట. కట్ట కట్టిస్తానని అన్నాడా? ఆ తెగినచోట ఇవాళ్టికీ వెదురు తడికే కదండీ ఉన్నది?

ఏం? ప్రభువు కూడా ఉపమానాల్లోనే చెప్పాడా? చెప్పాడు. తీరిగ్గా కూర్చున్న వాళ్లకి చెప్పాడు. ఆకలేసిన జనానికి మాత్రం ఉపమానం చెప్పలేదు, కూర్చోబెట్టి రొట్టె పెట్టాడు.

ఇప్పుడు వద్దు అంటున్నది ఆ భయంతోనే. ఈ నాలుగు పద్యాలూ మీ ఇష్టం. చంద్రుడనండి, కల్పవృక్షమనండి, ఐరావతమనండి. నా కడుపు మండితే మండనివ్వండి. మెరక వస్తుందంటే నేనే మొదటి వరసలో కూర్చుని చప్పట్లు కొడతాను. మెరక ఎక్కడ అడిగారో అది చెప్పండి నాకు.

అయిదో పద్యంలోనా? ఏదీ. చదవండి. గొంతెత్తక్కర్లేదు, మామూలుగానే చదవండి.

...

ఆగండి. ఏమిటి? ప్రళయజలంలో చెదిరిన హంసలు... ఊఁ... నీ కరుణ అనే మేరుపర్వత శిఖరాన... ఊఁ... రెక్కలు ముడుచుకుని సేదదీరాలని కోరుతున్నవి.

అంతేనా? అయిపోయిందా?

మెరక ఏదండీ ఇందులో?

మేరువే మెరకా! హంసలు మనవాళ్లా! మా అన్నమ్మ హంసా! బాలింత, కాళ్లు వాచిపోయి, నెత్తి మీద తడిగుడ్డ వేసుకుని పొయ్యి ఊదుతోంది, అది హంస! ఆయనకేం తెలుస్తుందండీ? నీ కరుణ మేరువు అంటే, నా కరుణ అంత గొప్పదన్నమాట అనుకుని సంతోషపడి ఇంటికెళ్లి భోంచేసి పడుకుంటాడు. స్థలం అడిగారని కలలో కూడా తట్టదు. మళ్లీ అదే పని చేశారు కదండీ మీరు! నడుము పోయి హంస వచ్చింది, అంతేగా!

విడమర్చి రాయండి. రోడ్డు పక్క బంజరులో, మట్టిదిబ్బ మీద, ఇంటికింత అని స్థలం ఇప్పించండి, కాయితం మీ బల్ల మీద ఉంది, దాని మీద సంతకం పెట్టి వెళ్లండి. ఇంతే రాయండి.

గ్రామ్యమా? దోషమా? అవును, గ్రామ్యమే. గ్రామంలో ఉన్నవాళ్లం మరెలా మాట్లాడతాం? మీరే కదా నాకు చెప్పారు, ఉన్నది ఉన్నట్టు చెప్తే అదీ ఒక అలంకారమేనని. ఏమిటి దాని పేరు? స్వభావోక్తి. తల్లి పొదుగు కుమ్ముతున్న దూడ గురించి చెప్పారు నాకు, ఎంత బాగుందో అది. ఇందాక నేను తాతమ్మ సంగతి చెప్పాను చూడండి, ఆ తాడు, ఆ ఒండ్రు. అది చదవండి రేపు. దాని పక్కన పోలిక పెట్టకండి. చదివి, అయ్యా మెరక అనండి.

అమంగళమా.

అవునవును. ఆయన మెళ్లో దండ ఉంటుంది. ఆడవాళ్లు హారతి పళ్లెం పట్టుకుని నిలబడతారు. గోవర్ధనరావు గారు నొచ్చుకుంటారు. మీ చేత మళ్లీ రాయించరు. నిజమే, నేను ఆలోచించలేదు.

సరే, పద్యం మీ ఇష్టానికే వదిలేస్తాను. చదవడం అయిపోయాక, ఆయన మీ భుజం తట్టి ఆహా అంటాడు కదా, అప్పుడు మామూలు మాటల్లో అడగండి. ఒక్క మాట. నోటితో. అందరి ముందూ.

అడుగుతారా?

ఏవండీ, అడుగుతారా?

...గొంతు రాదంటారు. పద్యమైతే సభంతా మార్మోగేలా చదువుతారు, పద్యం ఆగిపోగానే మళ్లీ ఆ కిటికీ కింద గొడ్లకాడ నిలబడ్డట్టే ఉంటుందంటారు.

ఏడవకండి. అయ్యో, నేనేదో కోపంలో... ఏడవకండి. సర్లెండి.

కోటయ్య తాతా! ఓ కోటయ్య తాతా! ఇలా లోపలికి రా. ఫర్వాలేదు, కాళ్లకి బురదైతే ఏం, రా. అవనిగడ్డ దాకా నడిచి, అక్కణ్ణించి బస్సెక్కి వచ్చావు కదా ఈ పద్యం కోసం. విన్నావా అయిదో పద్యం? అందులో మన ఇళ్ల స్థలాలున్నాయి, నీకు వినిపించాయా? పోనీ, రేపు సభలో నువ్వు లేచి అడుగుతావా తాతా? స్థలాల కోసం పెట్టుకున్న అర్జీ ఉందిగా, అందులో ఉన్న మాటే చెప్పు...

విన్నారా ఏమంటున్నాడో? "మేం దొరల ముందు నోరెత్తటమేంటమ్మా. బాబు చెప్పాడుగా. నాకు ముక్క తెలవలేదు గానీ, శానా బాగుంది. హంసలన్నాడు మమ్మల్ని."

చూశారా ఆ మొహం. ఎంత సంతోషమో. నా నోరు మూయించేశాడు ముసలాడు.

సర్లెండి. నాదేముంది? పట్టుకెళ్లి ప్రెస్సులో ఇచ్చేయండి, వేళవుతోంది. ఉత్తరీయం కొయ్యకి తగిలించి ఉంది. మొహం కడుక్కుని వెళ్లండి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. చప్పట్లు కొడతారు. తప్పకుండా కొడతారు. "పండితుడు గారూ, చూద్దాం" అని కూడా అంటాడేమో, అని రైలెక్కుతాడు.

పెన్నులో సిరా మిగిలే ఉందిగా? తిరిగొచ్చాక ఊరికే కూర్చోకండి. స్మృతిపద్యాలు కూడా ఇప్పుడే రాసి పెట్టుకోండి. మళ్లీ గాలివాన వచ్చాక అప్పటికప్పుడంటే కష్టపడతారు. పేర్లు నేను చెప్తాను. కోటయ్య అని రాయండి. అన్నమ్మ అని రాయండి. అన్నమ్మ మొగుణ్ణి రాయండి. ఆ పసిగుడ్డుని కూడా రాయండి. దానికింకా పేరు పెట్టలేదు. మీ పద్యంలో ఏ పేరైతే ఇముడుతుందో చూసి, మీరే పెట్టండి.